కడిగిపెట్టిన బ్రేకు

సర్వేయర్ అంటే భూములు కొలిచేవాడని మా వీధిలో సగం మంది ఇప్పటికీ అనుకుంటారు. కాదు మహాప్రభో, నేను ఇన్సూరెన్సు సర్వేయర్ని, బండ్లు చూసేవాణ్ణి అని ముప్పై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను. వినరు. మొన్న కూడా పక్కింటాయన పట్టాదారు పాసుపుస్తకం పట్టుకొచ్చి, "గట్టు తగాదా ఉండాది సార్, ఒక్కసారి వచ్చి టేపు పెట్టిపోండి" అన్నాడు. రిటైరై హిందూపురంలో ఇంటిపట్టున కూర్చున్నా నాకీ తిప్పలు తప్పలేదు.

కొత్తగా లైసెన్సు తీసుకున్న పిల్లలు కూడా అప్పుడప్పుడు వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు అటూ ఇటూ చూసి, "సార్, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిది?" అని అడుగుతారు. ఒళ్ళు మండిపోతుంది. బండి కింద దూరి చూడటానికి సాఫ్ట్‌వేర్ ఏమిటి, నా తలకాయ! వాళ్ళ మొహం మీద అనలేక లోపల్లోపల గొణుక్కోవడం కంటే, ఒకసారి కూర్చుని రాసిపెడితే నయమనిపించింది.

పని ఏమిటంటే, దెబ్బతిన్న బండి దగ్గరికి పోవాలి. ఏది చెడింది, ఎందుకు చెడింది, కంపెనీ ఎంతవరకు భరించాలి అన్నది చూసి రిపోర్టు రాయాలి. బండి యజమాని మనల్ని కంపెనీ మనిషి అనుకుంటాడు. కంపెనీ మనల్ని యజమాని మనిషి అనుకుంటుంది. మనం ఎవరి మనిషీ కాదని మెకానిక్కుకు తెలుసు కాబట్టి ఆయన మాత్రం టీ తెప్పిస్తాడు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య బైకు మీద తిరిగి తిరిగి నా నడుము పోయింది. గుద్దుకున్న లారీలు, కాలువలో పడ్డ కార్లు, తగలబడ్డ గడ్డి ట్రాక్టర్లు, అన్నీ చూశాను. వాటి గురించి మీరు ఎక్కడైనా నేర్చుకోవచ్చు. నేను చెప్పదలుచుకున్నది ఎక్కడా గుద్దుకోని ఒక టెంపో సంగతి.

టైర్లకి ఇచ్చిన సర్టిఫికెట్టు

కిరాయికి తిరిగే ప్రతి బండినీ అప్పుడప్పుడు పరీక్షకు తీసుకుపోవాలి. రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని సర్టిఫికెట్టు ఇస్తారు. దాన్నే అందరూ ఎఫ్‌సీ అంటారు. పరీక్ష చేసే అధికారిని ఏ హోదాలో ఉన్నా సరే, మా వైపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు.

పరీక్ష అంటే బండి మంచీచెడ్డా తెలుసుకునే రోజు అనుకుంటారు మీరు. అమాయకులు! ముందురోజు సాయంత్రం నుంచి మొదలవుతుంది సంత. ఒకరి టైర్లు ఇంకొకరికి, ఒకరి హారన్ ఇంకొకరికి, వైపర్లు, లైట్లు, చివరికి ఫస్ట్ ఎయిడ్ డబ్బా కూడా చేబదులు. పరీక్ష అవ్వగానే ఎవరివి వాళ్ళకు విప్పి ఇచ్చేస్తారు. ధర్మవరంలో నాలుగు టైర్ల జత ఒకటి ఉండేది. పక్కన తెల్ల పెయింటు మరక ఉండటం వల్ల గుర్తుపట్టేవాణ్ణి. పట్టుచీరల మూటలు మోసే ఆటోలు, నీళ్ళ క్యాన్ల ఆటోలు, ఎన్నెన్ని ఆ టైర్ల మీద నిలబడి పాసయ్యాయో లెక్కలేదు. ఆ సర్టిఫికెట్టు ఇస్తే గిస్తే ఆ టైర్లకే ఇచ్చుండాలి.

దీన్ని మోసం అని వాళ్ళెవరూ అనుకోరు, సాయం అనుకుంటారు. పెళ్ళికి పోతూ పక్కింట్లో గొలుసు అడిగి తెచ్చుకున్నంత మామూలుగా ఉంటుంది వ్యవహారం. నేను కూడా చూసీ చూడనట్టు పోయేవాణ్ణి. నా పని ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ కాదు కదా అని.

పెనుకొండ లాడ్జి మీటింగు

నేను రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు, నాకు ఎక్కువ పని ఇచ్చే కంపెనీ ఒకటి కొత్త పాలసీ తెచ్చింది. పేరు చెప్పను. చెప్పినా ఒరిగేదేమీ లేదు. బండి ఎఫ్‌సీలో తప్పితే, ఆ రిపేరు ఖర్చు కంపెనీ భరిస్తుందట. పెనుకొండలో ఒక లాడ్జి హాల్లో మీటింగు పెట్టి, డ్రైవర్లనీ ఓనర్లనీ పిలిచి, బిర్యానీ పెట్టారు. మేనేజరు పైనుంచి కొత్తగా వచ్చినవాడు, చురుకైనవాడు. "ఇంక మీరు ఎఫ్‌సీకి భయపడాల్సిన పనే లేదు" అని ఆయన అనగానే హాలంతా చప్పట్లు.

నేను కాగితం వెనక్కి తిప్పి చదివాను. షరతులు మూడు. ఒకటి, బండి తప్పిందని లోపాలతో సహా రాతపూర్వకంగా ఉండాలి. రెండు, సర్వేయరు చూసేదాకా బండిని ముట్టుకోకూడదు. మూడు, అరుగుదల వల్ల వచ్చిన లోపమైతే వర్తించదు.

చెయ్యెత్తాను. "సార్, ఎఫ్‌సీలో బండి తప్పేదే అరుగుదల వల్ల. టైరు అరుగుతుంది, లైనింగు అరుగుతుంది, బుష్షులు అరుగుతాయి. అరిగినవన్నీ తీసేస్తే ఇంక మిగిలేదేముంది?"

మేనేజరు నవ్వాడు. "అకస్మాత్తుగా చెడేవి ఉంటాయి కదండీ. మీరు సర్వే చూసుకోండి, సేల్స్ మాకు వదిలెయ్యండి" అన్నాడు.

ఆయన చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. కాదు. పద్ధతిగా ఉండేవాడు, ఫీజు బిల్లులు సమయానికి పాస్ చేసేవాడు. కానీ ఎఫ్‌సీ జరిగే మైదానంలో ఒక్కనాడు కూడా ఎండలో నిలబడి చూడలేదు. మీకు దొరికే బాసుల్లో ఎక్కువమంది ఇలాంటివాళ్ళే. వాళ్ళమీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఏమీ దొరకదు, అదే పెద్ద విసుగు.

పాలసీలు బాగానే అమ్ముడుపోయాయి. క్లెయిములు మాత్రం రాలేదు. ఎందుకొస్తాయి? అరువు సామాన్లతో అందరూ పాసైపోతుంటే తప్పేవాడెవడు? కదిరి డ్రైవరు ఒకతను ఫోన్ చేసి మరీ అడిగాడు. "సార్, ఈ ఎఫ్‌సీలో తప్పేది ఎట్లనో కొంచెం చెప్పండి. మాకు పాసయ్యేదొకటే తెల్సు." నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వచ్చిన రెండు మూడు క్లెయిములు కూడా అరిగిన టైర్లూ, తుప్పుపట్టిన సైలెన్సర్లూ. అన్నిటికీ లేదు, లేదు, లేదు అని రాసి పంపాను.

నరసింహులు టెంపో

అప్పుడు వచ్చింది నరసింహులు కేసు. చిలమత్తూరు దగ్గర పల్లెమనిషి. సొంత టెంపో. ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పద్దెనిమిది మంది ఆడవాళ్ళను పొద్దున్నే ఎక్కించుకుని, హిందూపురం పక్కన బట్టలు కుట్టే ఫ్యాక్టరీ గేటు ముందు దించి, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకు చేరుస్తాడు. అతని బతుకు ఆ ఒక్క ట్రిప్పు మీదే. వాళ్ళ బతుకు కూడా ఆ బండి మీదే, ఎందుకంటే గేటు దగ్గరికి ఆలస్యంగా పోతే ఆ పూట కూలి లేదు.

ఎఫ్‌సీకి తీసుకుపోయాడు. అరువు టైర్లు వేసుకున్నాడు, అది వేరే సంగతి. బ్రేకు మాత్రం ఆ పొద్దే చెడింది. పెడల్ తొక్కితే కిందికి దిగిపోతోంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నడిపి చూసి దిగాడు. ఆయన మంచివాడు. అక్కడే వచ్చింది చిక్కు. "నరసింహులూ, తప్పిందని రాస్తే నీకు మళ్ళీ ఫీజు, మళ్ళీ తిరుగుడు. ఎందుకులే, రాయను. బ్రేకు బాగుచేయించుకుని తీసుకురా" అన్నాడు. పేదవాడి మీద దయ చూపించాడు. దానితో మొదటి షరతు కాస్తా గాల్లో కలిసిపోయింది.

నరసింహులు ఫోన్ చేశాడు. "సార్, నా బండి తప్పింది. పాలసీ ఉండాది." గొంతులో ఎంత సంబరమో! ఎఫ్‌సీ తప్పి సంతోషపడినవాణ్ణి నేను అతణ్ణొక్కణ్ణే చూశాను. బండిని హిందూపురంలో ఖాజా షెడ్డులో పెట్టమని, నేను వచ్చేదాకా ఎవరూ చెయ్యి వెయ్యకూడదని, రేపే వస్తానని చెప్పాను.

రేపు పోలేదు. కదిరిలో లారీ కేసు తగిలింది. మర్నాడు ధర్మవరంలో చుట్టాల పెళ్ళి, అక్కడే భోజనం, అక్కడే నిద్ర. నేను షెడ్డుకు పోయింది నాలుగో రోజు. ఆ పెళ్ళి భోజనం తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

ఖాజా గురించి చెప్పాలి. ఈ మూడు ఊళ్ళలో బ్రేకు పని తెలిసిన చెయ్యి ఆయనది. నేనంటే గౌరవం. సర్వేయరు సారుకు మసి సామాను చూపించకూడదని ఆయనకొక నియమం. నేను పోయేసరికి బ్రేకు ఆయిలును చక్రాలకు తోసే మాస్టర్ సిలిండరూ, దాని వెనక బిగించి ఉండే బూస్టరూ విప్పి, డీజిలు పోసి కడిగి, గుడ్డతో తుడిచి, పేపరు మీద వరసగా పేర్చి పెట్టాడు. తళతళలాడుతున్నాయి.

"సార్ వస్తాండారని నిన్ననే కడిగిపెట్టినా. మీ చేతులకు మసి అంటకూడదు గదా" అన్నాడు.

తల పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాను. విషయమేమిటంటే, సిలిండరు లోపలి రబ్బరు ఉన్నట్టుండి తెగితే బూస్టర్లోకి ఆయిలు తేటగా వచ్చి నిలుస్తుంది. చాలాకాలంగా అరుగుతూ కారుతుంటే నల్లగా జిగురు పేరుకుంటుంది. ఆ మురికిని చూసే మనం అకస్మాత్తుగా జరిగిందో, అరుగుదలో తేల్చాలి. ఆ మురికి మొత్తం ఖాజా షెడ్డు మోరీలో కలిసింది.

"కొంప ముంచినావు గదప్పా ఖాజా!" అన్నాను.

"ఏంటికి సార్? బాగా తెల్లగ రాలేదా?" అన్నాడు పాపం.

నేను సిలిండరు చేతికి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాను. లోపలి గోడ మీద గీత. వేలు పెట్టి గోరుతో రాస్తే గోరు తట్టుకుంది. దానర్థం ఆ సిలిండరు పని అయిపోయిందని. ఎన్ని కొత్త రబ్బర్లు వేసినా నిలవదు. మార్చాల్సిందే. ఇది నాకు ఆ నిమిషంలోనే తెలుసు.

నరసింహులు నా పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏమి సార్, వస్తాదా?" అన్నాడు.

"రిపోర్టు పంపిస్తానప్పా. కంపెనీ చూసుకుంటుంది" అన్నాను.

ఇది మా వృత్తిలో అందరూ అనే మాట. రిపోర్టు పోకముందు యజమానితో ఏమీ మాట్లాడకూడదని మాకు మొదట్లోనే నూరిపోస్తారు. ముప్పై ఏళ్ళు ఆ మాటే అన్నాను, ఏనాడూ ఇబ్బంది రాలేదు.

ఇంటికి వచ్చి రాశాను. రాతపూర్వకమైన తిరస్కరణ లేదు. భాగాలు సర్వేకు ముందే విప్పి శుభ్రం చేశారు. కాబట్టి లోపం అకస్మాత్తుగా వచ్చినట్టు తేలలేదు. ప్రతి ముక్కా నిజమే. మేనేజరు ఫోన్ చేసి "చాలా క్లియర్‌గా రాశారండీ" అన్నాడు. నాకు లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది, దాచుకోవడమెందుకు? కంపెనీ నుంచి నరసింహులుకు ఇంగ్లీషులో ఒక ఉత్తరం పోయింది. ఫైలు మూసేశాను.

లేపాక్షి దాటాక

నెల రోజుల తర్వాత కొడికొండ దగ్గర హైవే మీద ఒక కంటైనర్ పడిపోతే, తెల్లవారకముందే కంపెనీ జీపులో పోయి చూశాను. జీపు మళ్ళీ బెంగళూరు వైపు పోవాల్సి ఉండటంతో, చిలమత్తూరులో దిగి హిందూపురం బస్సు కోసం నిలబడ్డాను. నరసింహులు టెంపో వచ్చి ఆగింది.

"రాండి సార్, రాండి! బస్సు ఇప్పుట్లో రాదు. ముందర కూచోండి" అని తలుపు తీశాడు. ముఖం మీద కోపం గీపం ఏమీ లేదు. క్లెయిము పోయినవాడు నవ్వుతూ పిలిచేసరికి నాకే ఆశ్చర్యమేసింది. ఎక్కాను. వెనక సీట్ల నిండా ఆడవాళ్ళు, ఒళ్ళో టిఫిన్ క్యారియర్లు.

అద్దం పైన, నరసింహస్వామి పటం పక్కన, ప్లాస్టిక్ పేపరు అతికించిన ఉత్తరం వేలాడుతోంది. కంపెనీ ముద్ర కనబడింది. కళ్ళద్దాలు సర్దుకుని చూశాను. నా రిపోర్టు చూసి అతని క్లెయిము కొట్టేసిన ఉత్తరం!

"ఇదెందుకప్పా ఇక్కడ పెట్టుకున్నావు?"

"ఉండనీలే సార్. దుడ్లు రాకపోతే పోయె, మంచి కాయితం వచ్చె. జిరాక్సు షాపులో సదివించుకున్న్యా. సర్వేయరు వచ్చి చూసినాడంట, లోపం తేల్లేదంట. ఖాజా మాత్రం సిలిండరు మార్చల్ల, మార్చల్ల అని ఒకటే పోరు. మీకంటే ఆయప్పకు ఎక్కువ తెల్సునా? మళ్ళీ ఎఫ్‌సీకి పోయిన పొద్దు ఇంకో టెంపోది సిలిండరు అడిగి బిగించుకున్న్యాము. పాసయినంక వాళ్ళది వాళ్ళకిచ్చేసి, నాది నేను బిగించుకున్న్యా. కొత్త రబ్బర్లు వేయించినా."

లేపాక్షి దాటాక రోడ్డు కొంచెం వాలుగా దిగుతుంది. ఎదురుగా గొర్రెల మంద అడ్డం వచ్చింది. నరసింహులు బ్రేకు తొక్కాడు. పట్టలేదు. రెండోసారి తొక్కాడు. మూడోసారికి పట్టింది. నా కాలు దానంతట అదే కింద రేకును గట్టిగా నొక్కుతోంది.

"ఏమీ కాదు సార్. రెండు మూడు తూర్లు తొక్కల్ల, అంతే" అన్నాడు నరసింహులు, ధీమాగా.

నా వెనక సీట్లో ఉన్నామె ముందుకు వంగింది. పేరు రత్నమ్మ అని తర్వాత తెలిసింది. ఆ పద్దెనిమిది మందికీ పెద్దదిక్కు. "బ్రేకు బాగుండాదని రాసిచ్చిన సారు మీరేనా?" అని అడిగింది.

"నేనట్లా రాయలేదమ్మా."

"మరేమి రాసినారు?"

ఉత్తరం తెలుగులో చెప్పాను. లోపం ఎప్పుడొచ్చింది, ఎందువల్ల వచ్చింది అన్నది తేలలేదని మాత్రమే దాని అర్థమని చెప్పాను. చెప్తున్నంతసేపూ నాకే అది ఎంత పనికిమాలిన వాక్యమో అర్థమవుతోంది. బండిలో అందరూ మాటలు ఆపేసి వింటున్నారు.

"అదంతా మాకు తెల్దు సార్" అంది రత్నమ్మ. "బ్రేకు బాగుండాదా, బాగలేదా? అదొక్కటి చెప్పండి."

ఇన్నేళ్ళలో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. కంపెనీ అడగలేదు, నా ఫారంలో దానికి గడి లేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

"బాగలేదమ్మా" అన్నాను. "ఆ సిలిండరు పోయింది. నేను ఆ రోజే చూశాను."

"ఆపు నరసింహులన్నా" అంది ఆమె.

మూడుసార్లు తొక్కి ఆపాడు. స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి నా వైపు తిరిగాడు. ఆ ముఖం నేను మరిచిపోలేను. "ఆ పొద్దు షెడ్డులో మీ పక్కనే నిలబడింటి గదా సార్. ఏందో ఒకటి చేసి మార్పిచ్చుకునింటి గదా. నోరు తెరిచి ఒక్క మాట చెప్పేదానికి మీకేం పోయె?"

కంపెనీ రూలు గురించి చెప్పబోయాను. అతను అటు తిరిగిపోయాడు.

ఆడవాళ్ళంతా క్యారియర్లు పట్టుకుని ఒక్కొక్కరే దిగారు. గేటు మూసే వేళ దగ్గరపడుతోంది, ఆ పూట కూలి పోయినట్టే. ఎవరూ గొడవ చెయ్యలేదు. రత్నమ్మ చివరగా దిగి, నా తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"నెల దినాల నుంచి మేము ఈ బండ్లోనే పోతాండాము సార్" అంది. "మీరెక్కిన పొద్దు వచ్చె మీకు నోరు."

కొంగు నడుముకు దోపుకుని వాళ్ళు హిందూపురం రోడ్డు పట్టుకుని నడక మొదలుపెట్టారు. నేను కూడా దిగి, వాళ్ళకు కొంచెం ఎడంగా, వెనకాల నడిచాను.